బొట్టు పెట్టిన క్లచ్చి ప్లేటు

నా చిన్నప్పుడు మా అమ్మ మా పెదనాన్నగారితో ఒక్క మాట కూడా నేరుగా మాట్లాడేది కాదు. కోపం ఉండి కాదు, మర్యాద ఉండి. రాజోలు దగ్గర మా ఊళ్లో అప్పట్లో తమ్ముడి భార్య బావగారి ఎదుట పడకూడదు, పడినా గొంతు వినిపించకూడదు. ఆయన వీధి గుమ్మంలో అడుగు పెట్టగానే అమ్మ పైట సర్దుకుని తలుపు వెనక్కి వెళ్లిపోయేది. చెప్పాల్సిందేదైనా ఉంటే మధ్యలో నేను. "పెదనాన్నగారు కాఫీ తాగుతారేమో అడుగు" అని అమ్మ తలుపు వెనక నుంచి అనేది. ఆ మాట పక్కనే కుర్చీలో ఉన్న ఆయనకి బాగానే వినబడేది. అయినా నేను వెళ్లి మళ్లీ అడిగేదాకా విననట్టే కూర్చునేవారు. అడిగాక "తాగుతానని చెప్పమ్మా" అనేవారు. అదీ అమ్మకి వినబడేది. అయినా నేను తిరిగొచ్చి చెప్పేదాకా ఆవిడ పొయ్యి దగ్గరికి కదిలేది కాదు.

మా కోనసీమ మర్యాద గురించి బయటివాళ్లు మెచ్చుకుంటూ మాట్లాడుతుంటే నేను వింటూ కూర్చుంటాను. పిలుపులో అండీ, పలుకులో గారు, పెట్టిన ఆకులో ఖాళీ కనబడనివ్వరు, నిజమే. ఆ మర్యాద మా ఇంట్లో ఏం చేసిందో వాళ్లకి తెలియదు కదా.

పెదనాన్నగారు చెడ్డమనిషి కాదు. ఈ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే విన్నవాళ్లంతా ఆయన్నే తిట్టుకుంటారు. మాదీ ఆయనదీ పక్కపక్క ఇళ్లు, మధ్యలో కొబ్బరిచెట్ల దొడ్డి ఒకటే. తాతయ్య పోయాక నాన్నగారిని పెంచి, పెళ్లి చేసి, ఓ ఇంటివాడిని చేసింది ఆయనే. పైగా ఆయన చెయ్యి మంచిదని ఊరందరికీ నమ్మకం. ఆకుమడిలో మొదటి గుప్పెడు విత్తనం చల్లాలన్నా, పిల్లవాడి చేత పలక పట్టించాలన్నా, కొత్త పొయ్యి వెలిగించాలన్నా ఆయన్నే పిలిచేవారు. ఎవరు పిలిచినా కాదనకుండా వెళ్లేవారు. నాన్నగారికి ఆయనంటే దేవుడు. ఆయన ఏమన్నా నాన్నగారి నోట వచ్చేది "ఆయ్" ఒక్కటే. నడి వేసవిలో "రేపు వాన పడుద్దిరా" అన్నా "ఆయ్, పడుద్దన్నయ్యా" అనేవారు. అన్నగారి ఎదురుగా నాన్నగారు కుర్చీలో కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

అదే నాన్నగారు అమ్మ దగ్గర ఇంకో మనిషి. వాళ్లిద్దరూ పోట్లాడుకోని పూట ఉండేది కాదు. పులుసులో ఉప్పు దగ్గర మొదలుపెట్టి ఏ చేను ముందు దున్నాలన్న దాకా ప్రతిదానికీ వాదనే. అమ్మది పెద్ద గొంతు. "మీకు తెలీదు, ఊరుకోండి" అని ఆవిడ, "నువ్వొచ్చి దున్ను మరి" అని ఆయన. పొద్దున్న అమ్మ చెప్పింది ససేమిరా అన్న మనిషి సాయంత్రానికి అచ్చం అలాగే చేసి వచ్చేవారు. వచ్చి, అది తన ఆలోచనే అన్నట్టు చెప్పేవారు. అమ్మ నాకేసి చూసి నవ్వేది. ఆ గొడవ వింటూ నిద్రపోవడం నాకు అలవాటు. ఇంట్లో చప్పుడు లేకపోతే ఎవరికో ఒంట్లో బాగాలేదనుకునేదాన్ని.

మా బతుకంతా ఒక పాత ట్రాక్టరు మీద నడిచేది. మాకున్న పొలం తిండిగింజలకే సరి. మిగతాదంతా నాన్నగారు ఊళ్లోవాళ్ల చేలు కిరాయికి దున్ని తెచ్చిందే. కాలవలకి నీళ్లు వదిలాక, నాట్లు పడేలోపు, నీళ్లు నిండిన చేలని ఇనప చక్రాలతో బురదగా కలియదున్ని దమ్ము చేసే ఆ కొద్ది వారాల పనే మాకు ఏడాదంతా కూడు పెట్టేది. ఆ వారాల్లో బండి ఆగిందంటే మేమూ ఆగిపోయినట్టే. ఈ సంగతి ఇంట్లో చిన్నపిల్లనైన నాకు కూడా తెలుసు.

ఆ ఏడాది నీళ్లు వదిలే రోజులు దగ్గర పడుతుండగా క్లచ్చి జారడం మొదలుపెట్టింది. ఇంజను గీపెడుతుంది, బండి కదలదు. బురదలో క్లచ్చి సగం తొక్కిపట్టి నడిపీ నడిపీ లోపలి ప్లేటు అరిగిపోయింది. అది మార్చాలంటే ట్రాక్టరుని నడుం దగ్గర రెండుగా విడదీయాలి. ఇంజనూ ముందు చక్రాలూ ఒక ముక్క. గేరు పెట్టె, సీటు, పెద్ద చక్రాలు ఇంకో ముక్క. అమలాపురం మేస్త్రీకి అప్పుడు ఊపిరి సలపని పని, కబురు పంపినా ఎప్పటికొస్తాడో చెప్పలేడు. "మనమే విప్పుకుందాం" అంది అమ్మ. నీకేమైనా మతి పోయిందా అన్నారు నాన్నగారు. ఇంజను మీద పడితే ఎవరు చూస్తారన్నారు. ఆ పూటంతా అరుచుకున్నారు. మర్నాడు నాన్నగారు రాజమండ్రి వెళ్లి కొత్త ప్లేటు తెచ్చుకున్నారు.

విప్పిన రోజు పొద్దుట నా జ్ఞాపకాల్లో మంచి పొద్దుల్లో ఒకటి. దొడ్లో కొబ్బరి దుంగలు దొర్లించి, వాటి మీద జాకీలు పెట్టి, ఇంజను కింద ఒకటి, గేరు పెట్టె కింద ఒకటి బిగించారు. ముందు ఇరుసు అటూ ఇటూ ఒరిగిపోకుండా చెక్క ముక్కలు దూర్చి కొట్టారు. బానెట్టు తీశారు, వైర్లు విప్పారు, డీజిలు గొట్టం ఊడదీసి గుడ్డ కుక్కారు. నాన్నగారు ఒక్కో బోల్టూ విప్పి ఇస్తుంటే అమ్మ కిరసనాయిలులో కడిగి, ఎక్కడిది అక్కడిగా చేటలో వరసగా పేర్చింది. ఏ బోల్టు పొడుగు, ఏది పొట్టి అన్న దగ్గర మళ్లీ వాదించుకున్నారు. చివరికి ఇద్దరూ కలిసి పెద్ద చక్రాలు పట్టుకుని వెనక్కి తోశారు. ట్రాక్టరు కిర్రుమంటూ రెండుగా విడిపోయింది. నాన్నగారు చెమట తుడుచుకుంటూ అమ్మని చూసి "నువ్వు మేస్త్రీ పని చేసుకో, నేను వంట చేస్తాను" అన్నారు. అమ్మ గ్రీజు చెయ్యి ఆయన చొక్కాకి రాసేసింది.

పాత ప్లేటు నాన్నగారే తీశారు. అది గుండ్రటి కంచంలాంటి వస్తువు. మధ్యలో ఇనప గుబ్బ ఉంటుంది. ఆ గుబ్బ ఒక వైపు ఎత్తుగానూ రెండో వైపు చదునుగానూ ఉంటుంది. తీస్తున్నప్పుడు అమ్మ పక్కనే ఉంది. "గుబ్బ వైపు వెనక్కి ఉంది, చూసుకోండి, సీటు వైపుకి" అంది. "చూశాన్లే, నాకు కళ్లున్నాయి" అన్నారు నాన్నగారు. కొత్త ప్లేటుకి పసుపు రాసి బొట్టు పెట్టాలి కదా, ఇనప వస్తువు ఏది కొన్నా మాకది ఆనవాయితీ. అమ్మ తెలివైంది. ఎత్తుగా ఉన్న గుబ్బ మీదే బొట్టు పెట్టింది. "బొట్టున్న వైపు వెనక్కి. ఇంక మర్చిపోయే పని లేదు" అని ప్లేటు నాన్నగారి చేతికిచ్చింది. నాన్నగారు తల ఊపారు. ఇదంతా నేను చేట పట్టుకుని అక్కడే నిలబడి చూశాను.

అప్పుడు పెదనాన్నగారు వచ్చారు. ఆయన్ని నాన్నగారే రమ్మన్నారు. కొత్త ప్లేటు ఆయన మంచి చేత్తో పెట్టిద్దామని. ఆయన వెనకే చుట్టుపక్కల రైతులు నలుగురైదుగురు, విడిపోయిన ట్రాక్టరుని చూద్దామని. దమ్ముకి మా బండే కావాలని చెప్పి ఉంచిన రైతులే వాళ్లంతా. అమ్మ చేతులు తుడుచుకుని వంటింటి తలుపు వెనక్కి వెళ్లింది. పెదనాన్నగారు చొక్కా విప్పి, పంచె ఎగ్గట్టి, ప్లేటు కళ్లకద్దుకున్నారు. బొట్టు చూశారు. చూసి, బొట్టున్న మొహం ముందుకి, ఇంజను వైపుకి తిప్పి పట్టుకున్నారు. బండి ముందుకి నడిచేది, బొట్టు కూడా ముందుకే చూడాలి కదా, ఆయనకి అంతే తోచింది. బొట్టు పెట్టిన మొహం వెనక్కి పెట్టడమన్న ఆలోచనే ఆయనకి రాదు.

నాన్నగారు చూశారు. ఆయన చూశారని నాకు తెలుసు, ఎందుకంటే పానా పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

తలుపు వెనక నుంచి అమ్మ నన్ను పిలిచింది. "పెదనాన్నగారితో చెప్పు. బొట్టున్న వైపు వెనక్కి ఉండాలట, పాతది అలాగే ఉందట, గుర్తు కోసమే బొట్టు అటు పెట్టాను అని చెప్పు." నేను వెళ్లి ఒక్క అక్షరం పోకుండా అందరి ముందూ చెప్పాను. నిజానికి అమ్మ చెప్పినప్పుడే అందరికీ వినబడింది.

పెదనాన్నగారు విసుక్కోలేదు. నవ్వలేదు. ప్లేటు చేతిలో అలాగే పట్టుకుని తమ్ముడి వైపు తిరిగారు. "ఏరా, అలాగేనా? విప్పింది నువ్వే కదా, నువ్వు చెప్పు" అన్నారు.

అడిగారు. నిజంగా అడిగారు. తెలుసుకుందామనే అడిగారు. ఇప్పటికీ నన్ను వదలనిది ఆ ప్రశ్నే.

నాన్నగారు చుట్టూ ఉన్న రైతులని ఒకసారి చూశారు. "అబ్బే, అదేం లేదన్నయ్యా. ఆడాళ్ల మాటలు మీరు పట్టించుకుంటారేంటి? వాళ్లకేం తెలుస్తుంది? మీరు పెట్టండి" అన్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో "ట్రాక్టరు పని కూడా ఆడాళ్లే చెప్తే ఇంక మనమెందుకండీ" అన్నారు. నాన్నగారు కూడా వాళ్లతో కలిసి నవ్వారు.

పెదనాన్నగారు ప్లేటు పెట్టారు. అందరూ తలో చెయ్యి వేసి వెనక ముక్కని ముందుకి తోశారు, బోల్టులు బిగించారు. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. అందరి మొహాలూ వెలిగాయి. నాన్నగారు క్లచ్చి తొక్కి గేరు వేశారు. పడలేదు. కరకరమని పళ్లు నూరిన చప్పుడు. మళ్లీ వేశారు, మళ్లీ అదే. ఎంత తొక్కినా క్లచ్చి విడవడం లేదు. "కొత్త ప్లేటు కదరా, బిగువుగా ఉంటాది. నాలుగు రోజులు తిప్పితే అదే సర్దుకుంటాది" అన్నారు పెదనాన్నగారు. "ఆయ్, సర్దుకుంటాదన్నయ్యా" అన్నారు నాన్నగారు.

ఆ సాయంత్రం అమ్మ అన్నం పెట్టలేదు, గొడవ పెట్టింది. అయితే అది రోజూ వినే గొడవలా లేదు. గొంతు పెంచకుండా మాట్లాడింది. "తెలిసే చేసేరు కదా? మీ కళ్లతో చూసేరు. నేను బొట్టు ఎందుకు పెట్టేనో మీకు చెప్పేను." నాన్నగారు తల వంచుకుని "అన్నయ్య ఎత్తి పెడుతుంటే నలుగురిలో తప్పని ఎలా అనమంటావు?" అన్నారు. "సరే, అయిందేదో అయింది. రేపు పొద్దున్నే విప్పి తిరగేసి పెట్టేద్దాం" అంది అమ్మ. "అన్నయ్య పొద్దున్నే ఇటే వస్తారు. ఆయన పెట్టింది విప్పి తీస్తే ఆయన మొహం ఏమవుద్ది? ఊరంతా చూస్తాది" అన్నారు నాన్నగారు. "నా మొహం ఏమైందో కూడా ఊరంతా చూసింది కదండీ" అంది అమ్మ. నాన్నగారు లేచి దొడ్లోకి వెళ్లిపోయారు.

మర్నాడు విప్పలేదు. ఆ మర్నాడూ విప్పలేదు. పెదనాన్నగారు రోజూ వచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఇంకా బిగువుగానే ఉందా? సర్దుకుంటాదిలే" అని కాఫీ తాగి వెళ్లేవారు. కాలవలకి నీళ్లు వచ్చాయి. రైతులు వచ్చి మా వీధి అరుగు మీద కూర్చునేవారు. రేపు పంపుతానని నాన్నగారు అనేవారు. "ఆయ్, అలాగేనండి, మీ వీలు చూసే కానివ్వండి" అని వాళ్లు లేచి వెళ్లేవారు. కోప్పడలేదు, ఆలస్యమైందని నిలదీయలేదు, ఇంకో బండి మాట్లాడుకుంటున్నామని చెప్పలేదు. నాన్నగారు అన్నగారికి చూపిన మర్యాదే వాళ్లూ నాన్నగారికి చూపించారు. ఓ ఉదయం పొరుగూరి ట్రాక్టరు మా ఇంటి ముందు నుంచే ఇనప చక్రాలు వేసుకుని మా ఊరి చేలల్లోకి వెళ్లింది. అప్పుడు తెలిసింది నాన్నగారికి. వీధిలోకి వచ్చి, అది మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా నిలబడి చూశారు.

పెదనాన్నగారు వియ్యాలవారి ఊరు పెళ్లికి వెళ్లిన రోజున గానీ మా బండి మళ్లీ విప్పుకోలేదు. అప్పటికి ఊళ్లో దమ్ము పని ఇంచుమించు అయిపోయింది, కొన్ని చేలల్లో నాట్లు కూడా పడ్డాయి. దొంగతనం చేస్తున్నట్టు దొడ్డి తడిక మూసి మరీ విప్పారు నాన్నగారు. అమ్మ వచ్చి చేట పెట్టుకుని కూర్చుంది. ఇచ్చిన బోల్టు ఇచ్చినట్టు కడిగి పేర్చింది. ఏది పొడుగో ఏది పొట్టో ఈసారి వాదన లేదు. నాన్నగారు కావాలనే ఒక బోల్టు తప్పు చోట పెట్టబోయారని నాకిప్పటికీ అనుమానం. అమ్మ చూసింది, ఊరుకుంది. ఆయనే నెమ్మదిగా తీసి సరైన చోట పెట్టుకున్నారు. ప్లేటు తిరగేసి బిగించాక గేరు వెన్నలో చెంచా దిగినట్టు పడింది. ఎవరూ సంతోషపడలేదు.

పెళ్లి నుంచి తిరిగొచ్చిన పెదనాన్నగారు దొడ్లో బండి తిరగడం చూసి పొంగిపోయారు. "చూశావా? సర్దుకుంటాదని నేను ముందే చెప్పేనా లేదా?" అన్నారు. నాన్నగారు ట్రాక్టరు దిగి, చేతులు కట్టుకుని నిలబడి, "ఆయ్, మీరన్నట్టే అయ్యిందన్నయ్యా" అన్నారు. ఆయన చెయ్యి ఎంత మంచిదో ఊళ్లో ఇంకా పెద్ద పేరొచ్చింది. పాపం, ఆ పెద్దాయన చివరిదాకా అది నిజమనుకునే బతికారు. ఆయన్ని కూడా మేము మోసమే చేశాం. నిజం చెబితే ఆయన తట్టుకునేవారు. బహుశా నవ్వేసి, తనే పానా పట్టుకుని విప్పేవారు. అంతటి మనిషిని మా అంతట మేమే గాజుబొమ్మని చేసి పెట్టుకున్నాం.

మమ్మల్ని వదిలి వెళ్లిన రైతులు తరవాతి ఏడాది మళ్లీ రాలేదు. పొరుగూరి బండికి అలవాటు పడిపోయారు. ఎదురుపడితే మాత్రం ఎంతో ప్రేమగా పలకరించేవారు. రెండు పంటలు చూసి, ఇంక లాభం లేదని ట్రాక్టరు అమ్మకానికి పెట్టారు నాన్నగారు. అమ్మేసి, ఆ పొరుగూరి బండి మీదే డ్రైవరుగా కుదిరారు. మా ఊరి చేలే దున్నారు, వేరేవాళ్ల బండి మీద.

అది కూడా నేను మర్చిపోగలను. బతుకుల్లో పైకీ కిందకీ అవడం ఉంటుంది. నేను మర్చిపోలేనిది అమ్మని. ఆ తరవాత అమ్మ నాన్నగారితో పోట్లాడటం మానేసింది. అలిగి కాదు. మాట్లాడేది, వడ్డించేది, ఒంట్లో బాగాలేకపోతే రాత్రంతా కాళ్లు పట్టేది. కానీ ఆయన ఏమన్నా "అలాగేనండి" అనేది. బండి అమ్మే ముందు నాన్నగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి, "అమ్మేద్దామంటావా? నువ్వేమంటావు?" అని అడిగారు. "మీ ఇష్టమండి" అంది అమ్మ, కూర కలుపుతూ. ఆయన కదల్లేదు. "వద్దనిపిస్తే వద్దని చెప్పు. తిట్టాలనుంటే తిట్టు" అన్నారు. ఆ గొంతు నేనింతకు ముందు వినలేదు, అడుక్కుంటున్నట్టుంది. అమ్మ పొయ్యి మంట తగ్గించి, "నాకేం తెలుస్తుందండీ" అంది. వెటకారం లేదు అందులో. ఉంటే బాగుండును.

నాకు పెళ్లయి, పిల్లలయి, ఇప్పుడు మనవలు కూడా ఉన్నారు. మా ఆయన నలుగురిలో తప్పు మాట్లాడితే నలుగురిలోనే చెప్పేస్తాను. నేను మాట్లాడితే ఆయనా ఊరుకోరు. చుట్టాల్లో నాకు గయ్యాళి అని పేరుంది, ఉండనీ. కొత్తలో మా కోడలు నేనేం చెప్పినా తల ఊపేది. ఒకరోజు నేను చెప్పిన కొలత తప్పని తెలిసి కూడా అలాగే పిండి కలిపేసింది. పిండి పాడైనందుకు కాదు, ఆ తల ఊపడానికి నాకు భయం వేసింది. ఆ పిల్లని కూర్చోబెట్టి, "నేను తప్పు చెబితే ఎవరున్నా సరే తప్పని చెప్పు. లేకపోతే ఈ ఇంట్లో నేను బతకలేను" అని చెప్పాను. ఇప్పుడు చెబుతోంది, కాస్త గట్టిగానే.

మొన్న ఒక పెళ్లిలో, మేము ట్రాక్టరు అమ్మేశాక మా వీధిలోకి కాపరానికొచ్చిన పెద్దావిడ కలిసింది. మా అమ్మానాన్నల్ని తలుచుకుని, కొత్త దంపతులకి నన్ను చూపిస్తూ, "వీళ్లమ్మా నాన్నా అంత అన్యోన్యంగా ఉండేవారండీ. ఆ ఇంట్లో ఒక్కనాడు గొంతు పైకి లేవగా మేము వినలేదు" అంది. పెళ్లిలో, పెద్దావిడ ముందు, నలుగురిలో ఊరుకోవాల్సిన మాటే అది. నేను ఊరుకోలేదు.

"నేను విన్నానండి" అన్నాను. "అది వినబడినన్నాళ్లే మా ఇల్లు బాగుంది."